తెలిసిన కథలో తరగని ఉత్కంఠ

రహస్యం బయటపడిన తరువాత ఉత్కంఠభరిత చలనచిత్రంలో చూడదగినది ఇంకేమీ మిగలదని చాలామంది అభిప్రాయం. హంతకుడెవరో తెలిసిపోయాక ఇక చూడడమెందుకని వారి వాదన. ఈ వాదనతో నేను ఏకీభవించలేను. 1985లో విడుదలైన 'అన్వేషణ' చిత్రాన్ని, హంతకుడెవరో తెలిసి కూడా, నేను ఎన్నోసార్లు చూశాను. చూసిన ప్రతిసారీ భయపడ్డాను. అందుకు కారణమేమిటని ఆలోచించగా, మంచి ఉత్కంఠ చిత్రమంటే ఏమిటో నాకు కొంత బోధపడింది.

మా ఇల్లు బేగంపేటలో, విమానాశ్రయానికి సమీపంలో ఉండేది. అవి 1980వ దశకం చివరి రోజులు. సెలవులు వచ్చాయంటే వి.సి.పి.ని, క్యాసెట్లను అద్దెకు తెచ్చుకొని ఇంటిల్లిపాదీ కూర్చొని సినిమాలు చూడడం ఆనాటి వేడుక. పొరుగునే ఉన్న అమీర్‌పేటకు వెళ్తే వీడియో దుకాణాలుండేవి. 1989లో 'శివ' చిత్రంతో దర్శకుడైన రామ్‌గోపాల్ వర్మ అంతకుముందు అమీర్‌పేటలోనే వీడియో దుకాణం నడిపారు. అటువంటి ఒక దుకాణం నుండి ఒక వేసవి సాయంకాలం మా బావ 'అన్వేషణ' క్యాసెట్ తెచ్చాడు. తెచ్చినవాడు ఊరుకున్నాడా? కథ సగమైనా నడవకముందే హంతకుడెవరో బిగ్గరగా చెప్పేశాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

పక్కనే మా నాయనమ్మ కూర్చొని ఉంది. కళ్ళలో శుక్లాలు ముదరడంతో తెర మీది బొమ్మలు ఆమెకు మసకగా మాత్రమే కనిపించేవి. నిజానికి ఆమె ఆ సినిమాను చూడడం లేదు, వింటున్నది. "పోనీలేరా! వాడెవడో మనకు తెలిసింది. ఆ పిల్లకు ఇంకా తెలియదు కదా, పాపం!" అన్నది. ఆ మాటలోని లోతు తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

'అన్వేషణ'కు దర్శకుడు వంశీ. అంతకు ముందు ఏడాది ఆయనే తన నవల ఆధారంగా తీసిన 'సితార' చిత్రంతో భానుప్రియ తెలుగు ప్రేక్షకులకు పరిచయమైంది. 'అన్వేషణ'లో ఆమె పక్షుల కూజితాలకు, సంగీతానికి గల సంబంధాన్ని పరిశోధించడానికి అడవికి వచ్చిన యువతి. ఆ అడవిలో మనుషులు వరుసగా మరణిస్తుంటారు. పులి చంపుతున్నదని జనం నమ్మకం. అది పులి పనా, మనిషి పనా అన్నదే కథ. కార్తీక్, శరత్‌బాబు, కైకాల సత్యనారాయణ ఇతర ముఖ్యపాత్రధారులు. చాలా భాగం తలకోన అడవులలో చిత్రీకరించారు.

సాధారణంగా ఇటువంటి చిత్రాలలో పాటలు ఉత్కంఠకు అడ్డుపడతాయి. ఇక్కడ అలా జరగలేదు. నాయిక అడవికి వచ్చిందే ధ్వనుల కోసం. కనుక ఇళయరాజా సంగీతం కథకు పైన అద్దిన రంగు కాదు, కథలోనే పుట్టిన ప్రాణం. ఏ పక్షి గొంతు కోసం ఆమె చెవి ఒగ్గుతుందో, ఆ అడవిలోనే ప్రమాదపు అలికిడి కూడా ఉంది. ఆమెతోపాటు మనమూ చెవి ఒగ్గుతాము.

ఈ సంగతి నాకు నేర్పినవి మా ఇంటి మీదుగా పోయే విమానాలే. విమానం వెళ్తున్నంతసేపు మాటా పాటా ఏవీ వినబడేవి కావు. తెర మీద బొమ్మలు కదులుతూనే ఉండేవి గాని, చిత్రంగా, భయం మాత్రం ఉండేది కాదు. మోత తగ్గి మళ్ళీ సంగీతం వినబడగానే నాయనమ్మ నా చేయి గట్టిగా పట్టుకొనేది. "ఆ ముక్క మళ్ళీ వెయ్యరా" అని అడిగేది. మరునాడు క్యాసెట్ తిరిగి ఇచ్చేలోగా ఇంకొకసారి వేయించుకొన్నది కూడా. హంతకుడెవరో ఎరిగిన మనిషి, తెర సరిగా కనిపించని మనిషి, రెండవసారి కూడా నా చేయి వదలలేదు.

ఆంగ్ల చిత్రాల దర్శకుడు ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ 1962లో ఫ్రెంచి దర్శకుడు త్రూఫోతో జరిపిన సంభాషణలలో ఒక ఉదాహరణ చెప్పాడు. ఇద్దరు మాట్లాడుకుంటుండగా బల్ల కింద బాంబు హఠాత్తుగా పేలితే ప్రేక్షకుడు ఉలిక్కిపడేది కొన్ని క్షణాలే. బాంబు ఉన్నదని ముందే తెలిస్తే, అది పేలేదాకా ప్రతి నిమిషమూ అతనికి గుండె దడే. పాత్రలకు తెలియనిది మనకు తెలియడంలోనే ఉత్కంఠ ఉన్నదని దీని సారాంశం. మా నాయనమ్మ హిచ్‌కాక్ పేరు విని ఎరుగదు. ఆమె అన్నదీ ఇదే.

ఇది మనకు కొత్త విషయమూ కాదు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ నాటకంలో శ్రీకృష్ణ రాయబారం ఫలించదని ఎరుగని తెలుగువాడు లేడు. అయినా ఊళ్ళకు ఊళ్ళు తెల్లవార్లూ మేలుకొని ఆ ఘట్టం చూశాయి, 'వన్స్‌మోర్' అంటూ పద్యాలు మళ్ళీ పాడించుకొన్నాయి. వారు తెలుసుకోవడానికి రాలేదు, అనుభవించడానికి వచ్చారు.

అంతమాత్రాన మా బావ చేసినది మంచిపని అనను. తొలిసారి ఏమీ తెలియక చూడడంలోని ఆనందం జీవితంలో ఒక్కసారే దొరుకుతుంది. దానిని ఇతరుల నుండి లాగుకొనే హక్కు ఎవరికీ లేదు. అందుకే ఈ వ్యాసంలో హంతకుడి పేరు చెప్పడం లేదు. అయితే రహస్యంతోపాటే విలువ కూడా పోయే చిత్రం విప్పిన పొడుపుకథ వంటిది. రహస్యం పోయినా నిలిచేదే కళ.

2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు బేగంపేట నుండి శంషాబాదుకు తరలివెళ్ళాయి. క్యాసెట్ దుకాణాలు కనుమరుగయ్యాయి. నాయనమ్మా లేదు. ఇప్పుడు 'అన్వేషణ' చూస్తుంటే ఏ మోతా అడ్డుపడదు, ప్రతి ఆకు కదలికా వినబడుతుంది. ఒక్కొక్క ఘట్టంలో నేను కళ్ళు మూసుకొని వింటాను. భయం వేస్తుంది. చేయి పట్టుకొనేవారు మాత్రం పక్కన లేరు.