పచ్చి ఫైలును పారేయకండి

మన బడి మొదలుపెట్టిన పాత తెలుగు రాతల సేకరణలో ఫోటోలు తీసే పని నాకూ, ఇంకో ముగ్గురికీ అప్పగించారు. సంతోషమే. కానీ కెమెరా చేతికిస్తూ ఒక నియమం పెట్టారు: "జేపెగ్‌లోనే తీయండి, చిన్న సైజులో తీయండి, లేకపోతే కార్డు నిండిపోతుంది." ఈ నియమం తప్పు అని నేను అంటున్నాను. సార్ల మీద గౌరవం ఉంది కాబట్టే వెనక బెంచీలో గొణక్కుండా మన పత్రికలోనే రాస్తున్నాను.

కెమెరాలోని సెన్సర్ తనమీద పడిన వెలుగును కొలుస్తుంది. ఆ కొలతలను దాదాపు ఉన్నవి ఉన్నట్టే రాసిపెడితే దాన్ని రా ఫైల్ అంటారు. రా అంటే పచ్చిది. ఒక్కో చుక్కలో ఎరుపో, ఆకుపచ్చో, నీలమో ఒకే రంగు కొలత ఉంటుంది. కోడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్‌కు 1976లో పేటెంట్ వచ్చిన అమరిక ఇది. దాన్ని ఫోటోగా మనమే కంప్యూటర్లో వండుకోవాలి. జేపెగ్ అయితే కెమెరానే వండేస్తుంది. రంగు ఇంత, వెలుగు ఇంత అని తానే తేల్చేసి, మిగిలింది పారేసి, కుదించి ఇస్తుంది. మామిడికాయ పచ్చిగా ఉంటే ఊరగాయ పెట్టుకోవచ్చు, పప్పులోనూ వేసుకోవచ్చు. జాడీలోని ఊరగాయను మళ్లీ కాయగా చేయమంటే ఎవరు చేస్తారు?

"కంటికి తేడా కనిపించదు కదా" అని మా క్లాసులోనే చాలామంది అంటారు. బడి వార్షికోత్సవం ఫోటోల్లో నిజంగానే కనిపించదు. డాన్సులు, బహుమతులు, ముఖ్య అతిథికి శాలువా, ఇవన్నీ జేపెగ్‌లో తీస్తే చాలు. (పెళ్లి భోజనాలకు కూడా రా తీసి గొప్పలు చెప్పుకునే అన్నలున్నారు. వాళ్ల గోల వేరే.)

మేము తీస్తున్నవి అవి కాదు. హోసూరు చుట్టుపక్కల పల్లెల్లో అవ్వలు పాటలు రాసుకున్న నోటుబుక్కులు, తాతల కాలం నాటి లెక్కలు, పొలం గట్ల మీది వీరగల్లులు. కాగితం పసుపుపచ్చగా మారిపోయింది, సిరా గోధుమరంగుకు తిరిగింది. రెండింటికీ మధ్య తేడా చాలా కొంచెం. జేపెగ్ ఏం చేస్తుందంటే, బొమ్మను ఎనిమిది చుక్కల పొడవు, ఎనిమిది చుక్కల వెడల్పు ఉన్న గడులుగా కోసి, ప్రతి గడిలోనూ సన్నని తేడాలనే ముందు తీసేస్తుంది. మన కన్ను వెలుగును పట్టినంత బాగా రంగును పట్టదు కాబట్టి, రంగు వివరాన్ని మామూలుగా ఇంకా ఎక్కువ తగ్గిస్తుంది. తెలుగు అక్షరాలకు ఆ సన్నని తేడాలే కదా ప్రాణం! ద కింద చిన్న గీత ఉంటే ధ. ప లోపల చిన్న గీత ఉంటే ష. గట్టిగా కుదిస్తే ఆ గీత కాగితంలో కలిసిపోవచ్చు, లేదా అక్షరం చుట్టూ అసలు లేని మచ్చలు పుట్టవచ్చు.

వీరగల్లుల దగ్గర కష్టం ఇంకొకటి. అరిగిపోయిన చెక్కడం కనబడాలంటే వెలుగు పక్కనుంచి పడాలి. అప్పుడు రాయి ఒకవైపు మెరుస్తుంది, గాట్లు చీకటిగా ఉంటాయి. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. రా ఫైల్లో 12 బిట్లయితే 4,096, 14 బిట్లయితే 16,384. తర్వాత ఆ చీకటిని కంప్యూటర్లో వెలిగించి చూస్తే రా లో గాటు దొరికే అవకాశం ఎక్కువ. జేపెగ్‌లో చాలాసార్లు బూడిదరంగు అట్టలాగా ఉంటుంది. మంచి వెలుగు వచ్చేదాకా కూర్చుందామంటే మాకు బస్సు తప్పిపోతుంది.

ఇది చాలనట్టు వాట్సాప్ ఒకటి. తీసిన ఫోటోను గ్రూపులో పెడతారు, అక్కడినుంచి దించుకుని దాన్నే దాచుకుంటారు. మామూలుగా పంపితే అది మళ్లీ కుదిస్తుంది. కనీసం డాక్యుమెంట్‌గా పంపండి అని ఎన్నిసార్లు చెప్పాలి?

"రాయిటర్స్ వాళ్లే జేపెగ్ అడిగారు" అని ఒక సీనియర్ నాతో వాదించాడు. నిజమే. 2015లో రాయిటర్స్ తన ఫ్రీలాన్స్ ఫోటోగ్రాఫర్లను రా నుంచి తయారుచేసిన ఫోటోలు పంపవద్దంది. వాళ్లకు వార్త త్వరగా చేరాలి, మధ్యలో ఎవరూ దిద్దకూడదు. కానీ వరల్డ్ ప్రెస్ ఫోటో పోటీలో చివరి దశకు వచ్చినవాళ్లు కెమెరాలోని అసలు ఫైళ్లు చూపించాలి, ఏం మార్చారో తేలడానికి. మనకు వార్తల తొందర లేదు. రేపు ఎవరైనా "ఈ అక్షరం మీరే దిద్దారు" అంటే చూపించడానికి అసలు మాత్రం కావాలి.

అమ్మానాన్నలకు ఇది కొత్త కాదు. మీ పెళ్లి ఆల్బంతోపాటు స్టూడియోవాళ్లిచ్చిన నెగెటివ్‌లు బీరువాలో దాచలేదా? రా ఫైలు అలాంటిదే. నోటుబుక్కులేమో ఫోటో తీయగానే ఇళ్లకు తిరిగి పంపేస్తున్నాం. అక్కడ చెదలు ఉన్నాయి. ఇల్లు మారితే పాత కాగితాలవాడి తక్కెడ ఉంది. రెండోసారి తీద్దామంటే దొరకవు.

ఖర్చు సంగతి. 24 మెగాపిక్సెల్ కెమెరాలో ఒక రా ఫైలు సుమారు 30 ఎంబీ అనుకుందాం. వంద పేజీల నోటుబుక్కుకు 3 జీబీ. ఒక టెరాబైట్ హార్డ్ డిస్కులో మూడు వందలకు పైగా నోటుబుక్కులు పడతాయి. అన్ని ఊర్లూ తిరిగినా అన్ని దొరుకుతాయా అన్నది నా అనుమానం. రా ఫైళ్లు తెరవడానికి డార్క్‌టేబుల్, రాథెరపీ లాంటి సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి. ఒక్కో కంపెనీ రా ఒక్కో రకం, ఇరవై ఏళ్ల తర్వాత తెరుచుకుంటుందా అని కంప్యూటర్ సార్ అడిగారు. మంచి ప్రశ్న. అందుకే 2004లో అడోబీ అందరికీ పనికొచ్చేలా తెచ్చిన డీఎన్‌జీ రూపంలో కూడా ఒక నకలు పెట్టుకుందాం. మన కెమెరా మెనూలో "రా ప్లస్ జేపెగ్" అని కూడా ఉంది. అది పెడితే గ్రూపులో పెట్టుకునేవాళ్లకు జేపెగ్ ఎలాగూ వస్తుంది.

వచ్చే శనివారం ఇంకో పల్లెకు వెళ్తున్నాం. ఆలోపు మెనూ మార్చుకోవడానికి అనుమతి ఇవ్వండి, బడికి ఒక హార్డ్ డిస్క్ కొనివ్వండి. నకలు దాచడానికి రెండోది కూడా కావాలి, అది తర్వాత అడుగుతాం.