హెచ్.ఐ.వి. రోగులను చంపుతున్నది ఆలస్యమే

అనంతపురం: హెచ్.ఐ.వి. సోకితే చావే గతి అనుకున్న రోజులు పోయాయి. 2004 ఏప్రిల్ 1 నుండి ప్రభుత్వం ఏ.ఆర్.టి. మందులను ఉచితంగా ఇస్తున్నది. తొలి విడత రాష్ట్రాలలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా వుంది. వ్యాధి వున్నట్లు తేలిన ప్రతివారికీ వెంటనే మందు ఇవ్వాలన్న విధానం 2017లో వచ్చింది. ఫలితంగా ఎయిడ్స్ మరణాలు 2010తో పోలిస్తే 2023 నాటికి నాలుగింట మూడు వంతులకు పైగా తగ్గాయని జాతీయ అంచనాలు చెబుతున్నాయి.

అయినప్పటికీ 2023 ఒక్క సంవత్సరంలోనే దేశంలో సుమారు 36 వేల మంది ఈ వ్యాధితో చనిపోయారు. దేశంలోని 25 లక్షల పైచిలుకు బాధితులలో 3 లక్షల మందికి పైగా ఆంధ్రప్రదేశ్ వారే కావడం గమనార్హం. మందు ఉచితంగా దొరుకుతుండగా ఇంకా ఇన్ని చావులు ఎందుకన్నది ఆలోచించవలసిన విషయం.

ముందు సెలైన్, చివరకు పెద్దాస్పత్రి

జ్వరం విడవదు. విరేచనాలు కట్టవు. మనిషి చిక్కి సగమవుతాడు. ముందు ఊళ్ళో ఆర్.ఎం.పి. వద్ద సూదిమందు, సెలైన్. తర్వాత పట్నంలో ప్రయివేటు డాక్టరు. చేతిలో డబ్బు, ఒంట్లో సత్తువ రెండూ అయిపోయాక పెద్దాస్పత్రి. అక్కడ అసలు జబ్బు బయటపడేసరికి రోగాన్ని తట్టుకునే సి.డి.4 కణాలు 200 కంటె దిగువకు పడిపోయి వుంటాయి. గర్భిణులకు ఆస్పత్రిలో ఈ పరీక్ష చేస్తున్నందున ఆడవారిలో చాలామందికి ముందే తెలుస్తుంది. మగవారికి ఆ అవకాశం లేదు. మంచాన పడేదాకా పరీక్షకు రానివారిలో వారే ఎక్కువ.

మందు మొదలుపెట్టి మధ్యలో మానేసేవారిది మరో బాధ. ఒళ్ళు కుదుటపడింది కదా అని కొందరు, బెంగుళూరు పనులకు వలసపోయి కొందరు, మందుకు వెళ్ళిన రోజు కూలి పోతుందని మరికొందరు మానేస్తున్నారు. తెలిసినవారు చూస్తారని దగ్గరి కేంద్రం వదలి దూరపు కేంద్రానికి వెళ్ళేవారూ వున్నారు. బస్సు చార్జీ దొరకని నెల వారికి మందు అందదు. మానితే వైరస్ మళ్ళీ విజృంభిస్తుంది.

అసలు శత్రువు క్షయ

హెచ్.ఐ.వి. వున్నవారు ఆస్పత్రి పాలయ్యే కారణాలపై పలు దేశాల అధ్యయనాలను క్రోడీకరించి 2015లో ఒక సమీక్ష ప్రచురించారు. పెద్దవారిలో క్షయే మొదటి కారణమని అందులో తేలింది. న్యుమోనియా ఆ తర్వాతది. ఈ రోగులలో క్షయ ఒక్కోసారి కళ్ళె పరీక్షకు చిక్కదు. తీవ్రస్థితిలో వున్నవారికి మూత్రంతో చేసే క్షయ పరీక్ష వుంది. అది రోగి చేరిన రోజే జరిగితే ప్రాణం దక్కే అవకాశం పెరుగుతుంది.

కెన్యా, ఉగాండా, మలావి, జింబాబ్వేలలో 1,805 మందిపై జరిపిన పరిశోధన ఫలితాలు 2017లో వెలువడ్డాయి. వీరంతా సి.డి.4 కణాలు 100 లోపుకు పడిపోయినవారు. ఏ.ఆర్.టి.తోపాటు క్షయ, ఫంగస్, ఇతర సూక్ష్మజీవుల నివారణకు మామూలు బిళ్ళలు, ఒక నులిపురుగుల మందు కలిపి ఇవ్వగా, ఆరు నెలల లోపు మరణాలు నూటికి 12 నుండి 9కి తగ్గాయి. ఇవేమీ ఖరీదైన మందులు కావు.

క్షయ మందు, ఏ.ఆర్.టి. మందు కలిపి వాడేటపుడు మోతాదు మార్చవలసి రావచ్చు. అందుచేత ఒకచోట వాడుతున్న మందు సంగతి మరొకచోట దాచకూడదు.

ఇంటికి పంపాక

ఆస్పత్రి నుండి బయటపడితే గండం గడిచినట్లు కాదు. 2022లో ప్రచురితమైన మరో సమీక్ష ప్రకారం, డిశ్చార్జి అయిన ప్రతి ఏడుగురిలో సుమారు ఒకరు తర్వాత చనిపోయారు. అయిదుగురిలో దాదాపు ఒకరు మళ్ళీ ఆస్పత్రిలో చేరారు. డిశ్చార్జి చీటీ చేతిలో పెట్టి పంపడంతో వైద్యుల బాధ్యత తీరిందనుకోవడం పొరపాటు. రోగి ఇంటికి వెళ్ళిన సంగతి ఏ.ఆర్.టి. కేంద్రానికి అదే రోజు తెలియాలి. వారం లోపు ఎవరో ఒకరు గుట్టు బయటపడకుండా పలకరించాలి. మందు తీసుకోవడానికి రానివారిని వెదికి పట్టుకోవాలి.

2018 సెప్టెంబరు 10 నుండి అమలులో వున్న చట్టం ప్రకారం రోగి వివరాలు బయటపెట్టడం, వైద్యం నిరాకరించడం, పనిలోనుండి తీసివేయడం నిషిద్ధం. ఈ సంగతి పల్లెలకు చేరితే పరీక్షకు వచ్చేవారి భయం కొంత తగ్గుతుంది.

రెండు వారాలు దాటిన దగ్గు, విడవని జ్వరం, కారణం తెలియకుండా బరువు తగ్గడం వుంటే ప్రభుత్వాస్పత్రిలో ఉచితంగా క్షయ, హెచ్.ఐ.వి. పరీక్షలు రెండూ చేయించుకోవాలి. వివరాలకు 1097 నెంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. మంచాన పడ్డాక వచ్చేవారి కోసం పెద్దాస్పత్రిలో సి.డి.4, మూత్ర పరీక్షలు ఆలస్యం లేకుండా జరిగేటట్లు జిల్లా అధికారులు శ్రద్ధ వహించవలసి వుంది.