చట్టం వల్లే తగ్గామా? వినతిపత్రం పంపేముందు ఒక లెక్క

హోసూరులో మా సంఘం కార్యవర్గం గత నెల ఒక వినతిపత్రం ముసాయిదా చదివింది. రాసింది మేమే. అందులో ప్రాణం లాంటి వాక్యం ఇది: తమిళనాడులో 1991లో నూటికి 7.1 మంది తెలుగువారు ఉండగా 2011 నాటికి 5.87కు పడిపోయారు, 2006లో వచ్చిన నిర్బంధ తమిళ చట్టమే ఇందుకు కారణం. అందరూ బాగుందన్నారు. సభ్యులలో ఒకరి అమ్మాయి సోషియాలజీలో ఎం.ఏ. చదువుతోంది. వెనక బెంచీలో కూర్చుని విన్న ఆ పిల్ల, "పెదనాన్నా, మధ్యలో 2001 అంకె ఏదీ?" అంది.

ఆ అంకె మా ఫైల్లోనే ఉంది. 5.65. అంటే పడిందంతా చట్టానికి ముందే పడింది. చట్టం వచ్చిన దశాబ్దంలో మన సంఖ్య 35 లక్షల నుంచి 42 లక్షలకు పెరిగింది. ఆ చట్టం వర్తించని కర్ణాటకలోనేమో అదే పదేళ్లలో 7 శాతం నుంచి 5.84కు తగ్గాం. మా తర్కాన్నే పట్టుకుంటే, చట్టం పుణ్యమా అని తమిళనాట తెలుగు పెరిగిందని రాసుకోవాలి! ఉద్యోగమంతా పద్దులు సరిచూస్తూ గడిపినవాళ్లం, మాకు అనుకూలమైన రెండు అంకెలు తీసుకుని మూడోదాన్ని పక్కకు నెట్టేశాం. తెలియక చేశామని చెప్పలేం.

కాకి వాలింది, తాటిపండు రాలింది. కాకి బరువుకే రాలిందనడాన్ని మన పెద్దలు కాకతాళీయం అన్నారు. సోషియాలజీ విద్యార్థులకు ఇప్పుడు రిగ్రెషన్ నేర్పేటప్పుడు మొదట చెప్పేది కూడా ఇదేనట. ఆ అమ్మాయి దగ్గర నాలుగు ఆదివారాలు కూర్చుని మాకు అర్థమైనంత రాస్తున్నాం. వినతిపత్రాలు రాసే మన సంఘాలన్నిటికీ ఇది అవసరం.

రిగ్రెషన్ అంటే, ఒక ఫలితం వెనక అనేక సంగతులు కలగలిసి ఉన్నప్పుడు, మిగతావి సమానంగా ఉన్నాయనుకుంటే ఒక్కొక్కదానితో ఆ ఫలితం ఎంత మారుతోందో విడదీసి చూసే లెక్క. సమాజ విషయాలలో దీన్ని మొదట వాడినవారిలో యూల్ అనే ఇంగ్లీషు గణాంకవేత్త ఒకరు. 1899లో ఆయన పేదలకిచ్చే సహాయం తీరుకూ పేదరికం పెరుగుదల తరుగుదలలకూ సంబంధం లెక్కగట్టాడు, వృద్ధుల సంఖ్యను, జనాభాను కూడా లెక్కలో పెట్టి. అంతా చేశాక కింద చిన్న గమనిక పెట్టాడు: 'దీనివల్ల' అని నేను రాసినచోటల్లా నిజానికి 'దీనితో కలిసి' అని చదువుకోవాలని. మా ముసాయిదాలో అలాంటి గమనిక లేదు. (గణాంకశాస్త్రం మనకు పరాయిదేమీ కాదు. సి.ఆర్. రావు గారు 1920లో పుట్టింది నేటి కర్ణాటకలోని హడగలిలో. ప్రవాసాంధ్రులకు ఇంతకన్నా గర్వకారణం ఏముంది?)

మా హోసూరునే చూడండి. ఫ్యాక్టరీలు వచ్చాక నలుమూలల నుంచి పనివారు వచ్చి స్థిరపడ్డారు. ఒక్క తెలుగు కుటుంబం కూడా భాష వదలకపోయినా ఊళ్లో మన శాతం తగ్గుతుంది, ఎందుకంటే కింద భాగించే సంఖ్య పెరిగింది. ఫ్యాక్టరీల వల్లే ఇంగ్లీషు మీడియం మోజూ పెరిగింది. చట్టం కూడా ఈ రోజుల్లోనే వచ్చింది. ఈ మూడింటినీ విడదీయకుండా ఒకదాని మీద నేరం మోపితే ఏ అధికారి అయినా మొదటి ప్రశ్నకే మన కాగితం తిప్పి పంపుతాడు.

శాతాల్లో ఇంకో గుంట ఉంది. 1950లో రాబిన్సన్ అనే అమెరికా సోషియాలజిస్టు 1930 సెన్సస్ తీసి చూశాడు. విదేశాల్లో పుట్టినవారు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో నిరక్షరాస్యత తక్కువగా కనబడింది. మనిషి మనిషినీ చూస్తే విదేశాల్లో పుట్టినవారిలోనే నిరక్షరాస్యులు కొంచెం ఎక్కువ. వలస వచ్చినవారు చదువు బాగున్న రాష్ట్రాలకే చేరారు, అదీ మర్మం. జిల్లా శాతం చూసి ఇంటి సంగతి చెప్పకూడదు. పైగా సెన్సస్‌లో మాతృభాష అంటే ఎన్యూమరేటరుతో మనం చెప్పింది మాత్రమే. పిల్లవాడు తెలుగు చదవగలడా అన్నది అందులో లేదు. మన బాధ మాత్రం ఆ చదవడం గురించే కదా.

మరి చట్టం ఏమీ చేయలేదని మేమంటున్నామా? లేదు. చేసిందనే మా నమ్మకం. పదో తరగతిలో తమిళం పేపరు నుంచి మినహాయింపు కోసం మన పిల్లలు కోర్టుల చుట్టూ తిరగడం కళ్లారా చూశాం. కానీ నమ్మకం వేరు, నిరూపణ వేరు.

నిరూపణకు దారి ఆ చట్టంలోనే ఉంది. అది అందరికీ ఒక్కసారి రాలేదు. 2006-07లో ఒకటో తరగతితో మొదలై, ఏటా ఒక్కో తరగతి ఎక్కుతూ 2015-16లో పదికి చేరింది. అంటే 2005 జూన్‌లో ఒకటో తరగతిలో చేరిన పిల్లకు అది ఎన్నడూ తగల్లేదు, మరుసటేడు చేరిన తమ్ముడికి పదేళ్లూ తగిలింది. అదే ఇల్లు, అదే అమ్మానాన్న, ఇంట్లో అదే భాష. అక్కాతమ్ముళ్లు ఇద్దరి చేతా నాలుగు తెలుగు వాక్యాలు చదివిస్తే తేడా కనబడుతుంది. అయితే ఎక్కడైనా చిన్నవాళ్లకు తెలుగు తక్కువే వస్తోందేమో, కాలమే అలా ఉందేమో. అందుకని సరిహద్దు అవతల మాలూరు, ఆనేకల్ వైపు మన బంధువుల ఇళ్లలోనూ అదే వయసు అక్కాతమ్ముళ్లను అడగాలి. అక్కడి తేడాను ఇక్కడి తేడాలోంచి తీసేస్తే మిగిలేది చట్టం వాటా అని చెప్పడానికి కొంత ఆధారం ఉంటుంది. 2015లో కర్ణాటకలోనూ కన్నడ అభ్యసన చట్టం వచ్చింది కనుక మరీ చిన్న పిల్లలకు ఈ పోలిక పనికిరాదు.

ఇక్కడే మేము మరో తప్పు చేయబోయాం. ఇంగ్లీషు మీడియం పిల్లలను, తెలుగు మీడియం పిల్లలను వేరు చేసి పోలుద్దామన్నాం. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. చట్టం వల్ల తెలుగు బడిలో లాభం లేదనుకునే తల్లిదండ్రులు ఇంగ్లీషు మీడియానికి మార్చి ఉంటే, ఆ మార్పు కూడా చట్టం పనే. దాన్ని సమానం చేసేస్తే మనం వెతుకుతున్నదాన్నే తుడిచేసినట్టు. ఏది లెక్కలో పెట్టాలి, ఏది పెట్టకూడదు అన్నది కంప్యూటరు చెప్పదట, ఊరు తెలిసినవాడు చెప్పాలట. ఆ మాట విన్నాక మాకు కొంచెం ధైర్యం వచ్చింది.

ఉగాది సభకు వచ్చినవారినే అడిగితే చాలదు. సభకు వచ్చేది తెలుగు నిలుపుకున్న ఇళ్లవాళ్లే, రానివాళ్ల ఇళ్లకే ముందు వెళ్లాలి. మా తమ్ముడి ఇంట్లో అక్క 2004లో బడిలో చేరింది, తమ్ముడు 2007లో. చదవమంటే తమ్ముడే బాగా చదివాడు! నాయనమ్మ దగ్గర పెరిగాడు మరి. ఒక్క ఇల్లు చూసి చట్టం మంచిదనలేం, చెడ్డదనీ అనలేం.

ముసాయిదాలోని ఆ వాక్యం కొట్టేశాం. తెలుగు టీచర్ల ఖాళీలు, పాఠ్యపుస్తకాలు ఆలస్యంగా రావడం వంటివి మాత్రం ఉంచాం, వాటికి ఏ రిగ్రెషనూ అక్కర్లేదు. వచ్చే సెన్సస్‌కు 2027 మార్చి 1 లెక్క తేదీ. కొత్త అంకెలు రాగానే ఎవరికి తోచిన కథ వారు చెబుతారు. ఆలోగా ఇళ్ల వివరాలు మన చేతిలో ఉండాలి. ఫారంలో అడిగేవి నాలుగే: పుట్టిన సంవత్సరం, ఒకటో తరగతిలో చేరిన సంవత్సరం, ఏ రాష్ట్రంలో చదివారు, చదివించి చూస్తే తెలుగు ఎంత వచ్చింది. తెలుగు అసలు రానివారు సిగ్గుపడి ఫారం ఖాళీగా వదిలేయవద్దు. 'రాదు' అని రాసి ఇవ్వండి.