కోలారు గనులనుండి కైపింగు గుహకు

చైనాదేశమున కైపింగు చెంత, భూమికి 700 మీటర్ల దిగువను, 20,000 టన్నుల ద్రవముతో నిండిన యాక్రిలిక్ గోళ మొకటి 2025 ఆగష్టు 26వ తేదీనుండి పనిచేయుచున్నది. దాని పేరు జూనో. బంగారముకొరకు గాదు, బాంబుకొరకును గాదు. న్యూట్రినోల బరువుల వరుసను తేల్చుటకే యింత ప్రయాస.

ఈ కణములు మూడు. రెండు కవలలవలె నించుమించు సమానములు. మూడవది వానికి దూరము. ద్రవ్యరాశి వర్గములలో నా దూరము కవలల భేదమునకు ముప్పది రెట్లకు పైబడినది. అయిన నా మూడవది జ్యేష్ఠమో కనిష్ఠమో యెవ్వరును నిశ్చయింపలేదు.

యాంగ్జియాంగు, తైషాను అణువిద్యుత్కేంద్రములు జూనోకు 53 కిలోమీటర్ల దూరమున నున్నవి. అచ్చటినుండి వెడలు ప్రతిన్యూట్రినోలలో లెక్కకు రానంత కొలదిపాటివి ద్రవమందలి ప్రోటానులను తాకును. తాకినపు డొక మెరుపు, సెకనులో సుమా రైదువేలవవంతు పిదప మరియొక మెరుపు. అట్టి మెరుపుల శక్తులను వేలకొలది వరుసగా పేర్చినచో, మార్గమున రూపము మార్చుకొనినందుకు గుర్తుగా సన్నని యలలు కానవచ్చును. మూడవది జ్యేష్ఠమైన నా యలల శిఖరము లొకచోట, కనిష్ఠమైన కొంచెము జరిగి వేరొకచోట నుండును. ఆ కొంచెమును పట్టుటకే 17,000కు పైగా పెద్ద కాంతిగ్రాహకములు గోళముచుట్టును పొదిగిరి. తీర్పున కింకను సుమా రారేండ్లు పట్టునట. 59 దినముల లెక్కలతోనే 2025 నవంబరులో వెలువడిన తొలి ఫలితములు, వేరు రెండు కొలతలను పూర్వపు ప్రయోగము లన్నిటికంటె సూక్ష్మముగా నిచ్చినవి.

ఈ విద్య మనకు క్రొత్త గాదు. 1965లో వాతావరణమున బుట్టిన న్యూట్రినోల జాడను ప్రపంచమున మొట్టమొదట కనుగొన్నవారిలో, మన చిత్తూరు సరిహద్దునకు సమీపముననే, కోలారు బంగారుగనులలో పనిచేసిన శాస్త్రజ్ఞు లుండిరి. పిదప గనులు మూతబడెను. తేని జిల్లా పొట్టిపురమున కొండక్రింద 50,000 టన్నుల యయస్కాంతపు టినుముతో నీ ప్రశ్నకే వేరు మార్గమున బదులు వెదకుటకు సుమారు 1,500 కోట్ల రూపాయల పథకమును కేంద్రప్రభుత్వము 2015 జనవరిలో నంగీకరించినది. జూనోకు పునాది పడినదియు నా నెలలోనే!

నేటికిని పొట్టిపురమున సొరంగము లేదు. రైతులు నీటినిగూర్చి భయపడిరి. పులులు సంచరించు మార్గ మని తమిళనాడు ప్రభుత్వము 2022లో సుప్రీముకోర్టున నభ్యంతరము తెలిపినది. ఈ భయముల నజ్ఞాన మని త్రోసివేయుట మాకు సమ్మతము గాదు. తన బావి యెండునా యని యడుగుటకు రైతునకు సర్వాధికారము కలదు. కాని యా ప్రశ్నకు రైతు మెచ్చునట్లు బదులు చెప్పుటకును, చెప్పలేనిచో వేరొక కొండను వెదకుటకును పదియేండ్లు చాలవా? పూర్వ మిట్టి జాప్యమునకు పరప్రభుత్వమును నిందించెడివారము. ఇప్పుడు ఢిల్లీ మనది, చెన్నపట్టణము మనది. పొట్టిపురము సంగతి యవునో కాదో ప్రభుత్వము వెంటనే ప్రకటింపవలెను; కాదన్నచో నా ప్రకటనముననే రెండవ స్థలముయొక్క పేరును చెప్పవలెను.