విచారణ గదిలో వ్యోమగామి

అమెరికా తొలి మహిళా వ్యోమగామి శాలీ రైడ్ అనగానే 1983 జూన్ 18న మొదలైన చాలెంజర్ యాత్రే గుర్తొస్తుంది. స్టాన్‌ఫర్డ్‌లో భౌతికశాస్త్రంలో డాక్టరేట్ చేసిన ఆమె, ఆ యాత్రలో రోబో చేతితో ఉపగ్రహాన్ని వదిలి మళ్లీ పట్టుకున్నారు. ఘనతే, సందేహం లేదు. కానీ ఆమె చేసిన అసలు మేలు విచారణ గదిలో జరిగింది. 1986 జనవరిలో అదే నౌక కూలి ఏడుగురు మరణించాక, చలికి బూస్టర్ అతుకుల్లోని రబ్బరు వలయాలు సాగే గుణం కోల్పోతాయని చూపే నాసా కాగితాన్ని విచారణ సంఘంలోని తోటి సభ్యుడు జనరల్ కుటీనా చేతిలో పెట్టింది ఆమే. ఆయన ఇచ్చిన ఆనవాలుతోనే సంఘంలోని మరో సభ్యుడు, భౌతికశాస్త్రవేత్త ఫైన్‌మన్ అందరి ముందూ వలయం ముక్కను ఐసునీళ్లలో ముంచి చూపించారు. 2012లో ఆమె కన్నుమూశాకే కుటీనా ఈ సంగతి బయటపెట్టారు.

బాహాటంగా ఎందుకు చెప్పలేదని కొందరు అడగవచ్చు. అప్పటికి ఆమె నాసా ఉద్యోగి. రుజువు బయటికి రావడమే ముఖ్యమనుకున్నారు, పేరు కోసం చూసుకోలేదు. దాన్ని పిరికితనం అనడం అన్యాయం. సంస్థ మనిషి సంస్థపై విచారణలో కూర్చోవచ్చా అన్న ప్రశ్న సబబైనదే. అయితే ఏ కాగితం ఎంత విలువైనదో లోపలి పని తెలిసినవారికే పోల్చుకోవడం సులువు. 2003లో కొలంబియా నౌక కూలినప్పుడు, రెండు విచారణ సంఘాల్లోనూ పనిచేసిన ఏకైక వ్యక్తిగా, పాత నిర్లక్ష్యమే మళ్లీ కనిపిస్తోందని ఎత్తిచూపిందీ ఆమే.