కొత్తల్లుడి వంటి మందు

మా యింట్లో ఇన్సులిన్ సీసాకు జరిగే మర్యాద కొత్తల్లుడికి కూడా జరగదు. పాలగిన్నెను పక్కకు జరిపి మరీ ఫ్రిజ్జులో దానికి చోటిస్తాం. పిల్లలు తలుపు కాస్త ఎక్కువసేపు తెరిచి నిలబడితే మా అమ్మ, “ఒరేయ్, నా ప్రాణం వేడెక్కిపోతోంది!” అని కేకేస్తుంది. ఆవిడ రెండు పూటలా సూది వేసుకోబట్టి పదేళ్ళు దాటింది.

మేముండేది ఖాజాగూడలో. ఒకవైపు అద్దాల మేడలు, ఒకవైపు కోట్ల ఏళ్ళనాటి బండరాళ్ళు. ఎంత అద్దాల మేడలైతే ఏం లెండి, గాలివాన వస్తే కరెంటు పోక మానదు. కిందటి వేసవిలో ఒక రాత్రి అలాగే పోయింది. మా భవనంలోని జనరేటరు లిఫ్టుకూ దీపాలకూ తప్ప ఫ్రిజ్జుకు చాలదు. నేను తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి; సైన్సు అంతంతమాత్రం. ఫ్రీజరులో ఇంకా చల్లదనం ఉంది గదా అని సీసాలు రెండూ అందులో పెట్టి నిశ్చింతగా పడుకున్నాను.

నేను నిద్రపోయాక కరెంటు వచ్చింది. తెల్లవారి చూస్తే సీసాలు గడ్డకట్టి ఉన్నాయి. కాసేపు బయట పెడితే కరిగి, యథాప్రకారం తేటగా కనిపించాయి. అమ్మ అదే వేసుకుంది. మూడోనాటికి ఆవిడకు ఒకటే దాహం, నీరసం. చక్కెర 300 దాటింది.

“మందు ఎక్కడ పెట్టారు?” అన్నదే డాక్టరుగారి మొదటి ప్రశ్న. కాస్త గొప్పగానే చెప్పాను. ఆయన నవ్వలేదు. రెండు సీసాలూ పారేయించారు.

ఇన్సులిన్ 51 అమైనో ఆమ్లాలు గొలుసుగా కూడిన పదార్థమట. 1922 జనవరిలో టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే కుర్రవాడికి మొదటిసారి ఇచ్చారు. అంతకుముందు ఆ జబ్బు చేసిన పిల్లలు బతకడమే అరుదు. ఇంతటి మందూ గడ్డకడితే చెడుతుంది. కరిగినా సత్తువ తిరిగి రాదు. చూపుకు మాత్రం ఏ తేడా ఉండకపోవచ్చు. అదే ప్రమాదం.

మూత తీయని సీసాకు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనం కావాలి. వాడుతున్న సీసా 30 డిగ్రీలు మించకపోతే బయట కూడా సుమారు నాలుగు వారాలు నిలుస్తుంది. ఏ మందుకు ఎంతో దాని కాగితంలోనే ఉంటుంది. కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్జు తలుపు తెరవకపోతే చాలు, నాలుగు గంటలపాటు చల్లదనం ఎక్కడికీ పోదు. నేను చేయవలసిన పని ఏమీ చేయకపోవడమేనన్నమాట!

ఆ నెలలోనే రాజమండ్రిలో పెళ్ళి. ఈసారి ఐసు సంచీని తువ్వాలులో చుట్టి, సీసాకు తగలకుండా డబ్బాలో సర్దాను. విమానమైనా సరే, మందు చేతిసంచీలోనే ఉండాలట. సామాన్ల అరలో గడ్డకట్టవచ్చు. ఎండలో నిలిపిన కారులో అసలే వదలకూడదు.

ఇంట్లో మాత్రం అమ్మ తన పద్ధతి పెట్టింది. కుండలో తడి ఇసుక, దానిలో ముంత, ముంతలో వాడుతున్న సీసా, పైన తడిగుడ్డ. నీరు ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతుంది. మన హైదరాబాదు పొడి ఎండకు ఇది బాగా పనిచేస్తుంది. రాజమండ్రి ఉక్కకు అంత చేయదు.

ఇప్పుడు మా ఫ్రీజరు తలుపు మీద అమ్మ చేతిరాతతో ఒక చీటీ ఉంది: “ఇందులో నా మందు ఎవరూ పెట్టరాదు. ముఖ్యంగా మా అబ్బాయి.”