చివరి వాక్యం మీద ఇంత మోజెందుకు?

కథ అన్నాక చివర్లో అదిరిపడాలి అన్న మాట మన దగ్గర చట్టమైపోయింది. కథల పోటీ ఫలితాల కింద న్యాయనిర్ణేతలు రాసే నాలుగు ముక్కల్లో కొసమెరుపు ప్రస్తావన లేకుండా ఉండదు. కొత్తగా రాసేవాళ్లకు ముందు ముగింపు అనుకోమని, ఆ తర్వాత దాన్ని ఆఖరి పేరా దాకా ఎలా దాచాలో చూసుకోమని నేర్పుతున్నారు. పాఠకులూ ఆ కొలతకే అలవాటుపడ్డారు. "సగంలోనే ఊహించేశానండీ" అని పెదవి విరిస్తే ఆ కథ పని అయిపోయినట్టే.

ఈ కొలత తప్పు. అంతకన్నా ముఖ్యంగా, మన కథకు చేటు చేస్తోంది. పాఠకుణ్ణి కుదురుగా కూర్చోనివ్వని కథలకు ఆ బలం దాచిపెట్టిన రహస్యం వల్ల రాదు. మొదటి నుంచీ కళ్లెదుటే ఉన్నదాన్ని మనం చూడనట్టు నటించాం అని తెలిసిరావడం వల్ల వస్తుంది. ముగింపు ముందే తెలిసినా ఆ కథలు కోస్తూనే ఉంటాయి. అసలు తెలిసి చదివినప్పుడే ఇంకా లోతుగా కోస్తాయి.

కొసమెరుపు పక్షం వాళ్లు ఎప్పుడూ ఉదాహరణగా చూపే కథనే తీసుకుందాం. షిర్లీ జాక్సన్ రాసిన 'ద లాటరీ' 1948 జూన్ 26 నాటి న్యూయార్కర్ పత్రికలో వచ్చింది. ఒక చిన్న ఊరు, వేసవి పొద్దు. జనం కూడలిలో చేరి చీటీలు తీస్తారు. ఎవరికి గుర్తు ఉన్న చీటీ వస్తే వాళ్లను ఊరంతా కలిసి రాళ్లతో కొట్టి చంపుతారు. ఈ చివరి సంగతి తెలియకుండా ఉంచడమే కథ నేర్పంతా అని చాలామంది అంటారు. కథ మళ్లీ తెరిచి చూడండి. రెండో పేరాలోనే పిల్లలు జేబుల నిండా రాళ్లు నింపుకుంటున్నారు. నున్నగా, గుండ్రంగా ఉన్నవి ఏరి ఒక మూల కుప్ప పోస్తున్నారు. మగవాళ్లు ఆ కుప్పకు కాస్త ఎడంగా నిలబడి వర్షాల గురించి, ట్రాక్టర్ల గురించి మాట్లాడుకుంటున్నారు. రచయిత్రి ఏమీ దాచలేదు, రాళ్లు మన ముందే పెట్టింది. పిల్లలు ఆడుకుంటున్నారులే అనుకుని వాటిని దాటిపోయింది మనమే. ఆ ఊరివాళ్లూ ఏడాదికోసారి చేసే పని అదే.

ఆ కథలో నాకు అన్నిటికన్నా భరించలేనిది చివరి వాక్యం కాదు. చీటీ పడిన తల్లి హచిన్సన్ చిన్నకొడుకు చేతిలో ఎవరో నాలుగు గులకరాళ్లు పెడతారు. వాడికి ఇంకా చీటీ సరిగా పట్టుకోవడం కూడా రాదు. వాక్యం మామూలుగా, ఏ హడావిడీ లేకుండా వచ్చి వెళ్లిపోతుంది. దానికి ముందు ఏ రహస్యమూ లేదు, తర్వాత ఏ వివరణా లేదు. ముగింపు తెలిసి రెండోసారి చదివేవాడి గుండె అక్కడే ఆగుతుంది.

ఆ వేసవిలో రచయిత్రికి మూడు వందలకు పైగా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో మెచ్చుకున్నవి చాలా తక్కువ. తిట్టినవాళ్లు ఉన్నారు, అర్థం కాలేదన్నవాళ్లు ఉన్నారు. ఈ లాటరీలు ఎక్కడ జరుగుతాయి, వెళ్లి చూడొచ్చా అని అడిగినవాళ్లూ ఉన్నారని ఆమే తర్వాత ఒక ఉపన్యాసంలో చెప్పింది. ముగింపు ఊహించలేకపోయామన్న ఉక్రోషంతో ఎవరూ అలాంటి ఉత్తరం రాయరు. ఆ ఊరు తమ ఊరిలాగే ఉన్నందుకు రాస్తారు.

కొసమెరుపు చేసే పని దీనికి సరిగ్గా ఎదురు. అది పాఠకుణ్ణి ఒక్క క్షణం తుళ్లిపడేలా చేసి, వెంటనే నిమ్మళపరుస్తుంది. చిక్కుముడి విడిపోయింది, లెక్క సరిపోయింది, ఇక పేజీ తిప్పొచ్చు. ఓ. హెన్రీ 1905లో రాసిన 'ద గిఫ్ట్ ఆఫ్ ద మెజై' అందరికీ తెలిసిన కథ. భర్త గడియారానికి గొలుసు కొనాలని భార్య జుట్టు అమ్ముకుంటుంది. ఆమె జుట్టుకు దువ్వెనలు కొనాలని భర్త గడియారం అమ్ముకుంటాడు. చదివినప్పుడు కళ్లు చెమరుస్తాయి, ఒప్పుకుంటాను. కానీ ఆ చెమ్మ తియ్యనిది. ఇద్దరూ గొప్పవాళ్లే, ఇద్దరి ప్రేమా రుజువైంది, చదివిన మనమూ కాస్త మంచివాళ్లమైనట్టు అనిపించింది. పేదరికం ఆ గదిలోనే ఉన్నా మనల్ని ఏమీ అడగలేదు.

ఇప్పుడు దాని పక్కన చాసో 'వాయులీనం' పెట్టి చూడండి. ఇందులోనూ భార్యాభర్తలే, పేదరికమే, అమ్మిన వస్తువే. భార్య రాజ్యానికి ఫిడేలంటే ప్రాణం. ఆమెకు జబ్బు చేస్తుంది, ఫిడేలు అమ్ముడైపోతుంది, భర్త ఆమెకు చీర తెస్తాడు. అతను చెడ్డవాడు కాడు. ఆమె బతకాలనే అమ్మాడు. తప్పెవరిదో తేల్చి ఊపిరి పీల్చుకుందామంటే చాసో ఆ వీలు ఇవ్వడు. ప్రాణం దక్కిన మనిషికి ఫిడేలు పోయిందన్న బాధ ఉండొచ్చా? ఆ బాధను చీర తీరుస్తుందా? నా ఇంట్లో ఎవరి ఫిడేలు నేను ఇలా, మంచి ఉద్దేశంతోనే, అమ్మేశాను? కథ అయిపోయాక మొదలయ్యే ఈ ప్రశ్నలకు కొసమెరుపుతో పనే లేదు. విజయనగరంలో కూర్చుని, చేతివేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని పేజీల్లో ఆయన చేసిన పని ఇది. దీన్ని "ముగింపు పేలలేదు" అని పక్కన పెట్టే పాఠకులను మనమే తయారుచేసుకుంటున్నాం.

పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన'దీ ఇదే దారి. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి పొందిన కథ. చనిపోయిన బిచ్చగత్తె దగ్గర రావుగారి పర్సు దొరకడాన్నే చాలామంది చెప్పుకుంటారు. కానీ కథ తిరగబడింది అంతకు ముందే. విలువలన్నీ గళ్లు గీసినట్టు దిద్దుకున్న పెద్దమనిషి, రైల్లో ఆమెను చీదరించుకున్నవాడు, గాలికి కట్టడాలు కూలుతున్న రాత్రి ఆమె ఒంటి వెచ్చదనాన్నే ఆసరా చేసుకున్నాడు. పర్సు సంగతి ముందే చెప్పేసినా ఆ రాత్రి బరువు ఒక్క వీసం తగ్గదు.

"మరి మొపాసా సంగతేమిటి?" అని నన్ను చాలాసార్లు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. 1884 నాటి 'ద నెక్లెస్' చివరి మాట మీదే నిలబడినట్టు కనిపిస్తుంది. అరువు తెచ్చిన హారం పోయింది. ముప్ఫై ఆరు వేల ఫ్రాంకులకు అలాంటిదే కొని ఇచ్చి, పదేళ్లు అప్పు తీర్చారు. తీరా చూస్తే మొదటిది గిల్టుది, మహా అయితే ఐదు వందలు. ఈ ముగింపు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు, చాలామంది తెలుగు పాఠకులకూ తెలుసు. అయినా మళ్లీ చదువుతున్నాం. ఎందుకంటే ఆ పదేళ్లు ఉన్నాయి. గిన్నెల జిడ్డుకు అరిగిన గోళ్లు, పొద్దున్నే మేడ మీదికి మోసిన నీళ్లు, పైసా పైసాకూ సంతలో పడ్డ గొడవ. కథ అక్కడుంది. ఆ పదేళ్లు తీసేసి చివరి మాట ఉంచితే మిగిలేది ఒక జోకు. మొపాసాను చూసి మన రచయితలు ఎక్కువగా నేర్చుకున్నది ఆ చివరి మాటే, ఆ పదేళ్లు కాదు.

శ్రీకాకుళం కథానిలయంలో భద్రపరిచిన పాత వారపత్రికలు తిరగేస్తే ఆ నకళ్లు ఎన్నో కనిపిస్తాయి. అనుమానించిన భార్య నిర్దోషి అని ఆఖర్లో తేలుతుంది. దొంగ అనుకున్నవాడు పోయిన కొడుకవుతాడు. అంతా కల అవుతుంది. వాటిలో మనసులో నిలిచినవి ఎన్ని?

మన మౌఖిక కథ కూడా ఈ చట్టాన్ని ఒప్పుకోదు. బేతాళుడు కథంతా చెప్పి ముగింపు చేతిలో పెట్టడు, ప్రశ్న పెడతాడు. విక్రమార్కుడు సరైన జవాబే చెబుతాడు. చెప్పగానే శవం మళ్లీ చెట్టెక్కుతుంది. చందమామ చదివి పెరిగిన మనకు ఇది ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు.

ఇక కారా మాస్టారి 'యజ్ఞం'. మన భాషలో పాఠకుల్ని ఇంతగా ఇబ్బందిపెట్టిన కథ మరొకటి ఉందా అంటే నాకు తోచదు. సుందరపాలెంలో అప్పల్రాముడి అప్పు మీద పంచాయితీ. కథ నింపాదిగా నడుస్తుంది. ఊళ్లోకి అభివృద్ధి ఎలా వచ్చిందో, అది ఎవరికి ఏం తెచ్చిందో, ఎవరి దగ్గర నుంచి ఏం పట్టుకుపోయిందో పేజీల కొద్దీ చెబుతారు. కొసమెరుపు సూత్రం ప్రకారం ఇదంతా సాగదీతే. ఈ రోజు పోటీకి పంపితే మొదటి వడపోతలోనే నిడివి ఎక్కువైందని తీసేస్తారేమో. అందరూ న్యాయంగానే మాట్లాడతారు. శ్రీరాములునాయుడు ధర్మంగానే తీర్పు వెతుకుతాడు. మనమూ తల ఊపుతూ ఉంటాం. చివరికి అప్పల్రాముడి కొడుకు సీతారాముడు, వారసత్వంగా వచ్చే ఆ బానిసత్వం తన పసివాడికి అంటకూడదని, వాణ్ణి చేజేతులా చంపేస్తాడు.

దీన్ని కొసమెరుపు అనగలమా? ఆ ముగింపు న్యాయమా కాదా, ఒక తండ్రి అలా చేయగలడా లేదా అని విమర్శకులు ఏళ్ల తరబడి వాదులాడుకున్నారు. కొసమెరుపు కథ మీద ఎవరూ అలా కొట్లాడరు. "భలే" అంటారు, లేదా "తెలిసిపోయింది" అంటారు, అక్కడితో సరి. 'యజ్ఞం' ముగింపు మనకు మింగుడు పడకపోవడానికి కారణం అంతకు ముందు పేజీల్లో ఉంది. ఆ పంచాయితీలో కూర్చుని, పెద్దమనుషుల మాటలు సబబుగానే ఉన్నాయని ఒప్పుకుంటూ వచ్చాం. మనం తల ఊపిన తీర్పే ఆ పిల్లాడి మీదికి వచ్చింది.

రహస్యం దాచాలన్న పట్టుదల రచయిత చేత ఏం చేయిస్తుందో కూడా చూడాలి. చివర్లో తెలియాల్సిన సంగతి ఆ పాత్రకు మొదటి నుంచీ తెలుసు. పాఠకుడికి మాత్రం తెలియకూడదు. కాబట్టి ఆ మనిషి మనసులోకి తొంగిచూడ్డానికి రచయిత జంకుతాడు. ఆమె కిటికీ దగ్గర నిలబడి ఏదో ఆలోచిస్తుంది, ఏమిటో చెప్పడు. అతను ఉత్తరం చదివి నిట్టూరుస్తాడు, అందులో ఏముందో చూపడు. మనుషులు ఇలా బొమ్మలైపోతారు. దాపరికం కోసం లోపలి జీవితాన్నే బలిపెట్టాక, ఆఖరి పేరాలో ఎంత పెద్ద సంగతి బయటపెట్టినా అది ఎవరికి జరిగిందని బాధపడాలి? చెహోవ్ 1888లో పదమూడేళ్ల పనిపిల్ల వార్క కథ రాశాడు. రాత్రంతా యజమాని బిడ్డ ఉయ్యాల ఊపాలి, పగలంతా పొయ్యి వెలిగించాలి, సమోవార్ పెట్టాలి, బూట్లు తుడవాలి, బీరు తేవాలి. ఆ నిద్రలేమిలోకి మనల్ని పూర్తిగా దించేస్తాడు. చివర్లో ఆ పిల్ల బిడ్డ గొంతు నులిమి, హాయిగా నిద్రపోతుంది. రెండు పేజీల ముందే మనకు భయం పట్టుకుంటుంది. ఏం జరగబోతోందో తెలుస్తూనే ఉంటుంది. తెలిసీ, ఆ పిల్ల ఒక్క కునుకు తీస్తే బాగుండునని కోరుకుంటాం. ఆ కోరికే మనల్ని వణికిస్తుంది.

పత్రికల వాళ్లు, పోటీలు నడిపేవాళ్లు పాఠకుడికి తీరిక లేదంటారు. తీరిక లేనివాడికి చివర్లో ఒక దెబ్బ చాలని సర్దుకుంటారు. తీరిక లేకుండానే వార్క కథ చదివినవాడు బస్సులో తన స్టాపు దాటిపోతాడు. పాఠకుణ్ణి తక్కువ అంచనా వేయడం మానండి.

న్యాయనిర్ణేతలకు ఒక విన్నపం. ఈసారి వచ్చిన కథలను చివరి పేజీ నుంచి మొదలుపెట్టి చదవండి. ముగింపు పూర్తిగా తెలుసుకున్నాక మొదటి పేజీకి రండి. అక్కడి నుంచి చదవబుద్ధి కాని కథను పక్కన పెట్టేయండి. ముగింపు తెలిసి కూడా మధ్యలో ఎక్కడో పుస్తకం మూసి, కాసేపు లేచి తిరగాల్సొచ్చిన కథ ఒక్కటి దొరికినా బహుమతి దానికివ్వండి. దొరక్కపోతే ఆ ఏడాది ఎవరికీ ఇవ్వకండి.